పదో నిమిషంలో ప్రార్థన

ఫిబ్రవరి 9

తమ్ముడికి,

ఆశీర్వాదం ఉత్తరం చివర్లో రాస్తాను, అప్పటికి మనసు చల్లబడితే.

ఫోను ఉండగా కాగితం ఎందుకంటావేమో. నువ్వు పనిచేసే ఆ మెసేజీల కొట్టు మీద ఫిర్యాదు ఆ కొట్టులోంచే పంపమంటావా? పైగా ఫోన్లో అయితే "అక్కా, సిగ్నల్ లేదు" అని జారుకుంటావు. కాగితం మీద సిగ్నల్ పోదు.

సంగతి ఇది. రోజూ పొద్దున్న ఆరింటికి మా ప్రార్థన గుంపుకి నేను ఫోన్లో వాక్యం రికార్డు చేసి పంపుతానని నీకు తెలుసు. నూట నలభై మందిమి. మా లాండ్రీలో పనిచేసేవాళ్ళు కొందరు, వాళ్ళ ఇళ్ళవాళ్ళు కొందరు, వీధిలోవాళ్ళు కొందరు. గురువారం పంపిన వాక్యం అరగంట తిరక్కుండా మాయమైంది. నా ఫోన్లో లేదు, ఎవరి ఫోన్లోనూ లేదు. ఆ చోట ఒక బూడిదరంగు గీత, దాని కింద "ఈ సందేశం తొలగించబడింది" అని ఉంది. తొలగించబడిందట. తొలగించింది ఫలానావాడని చెప్పే ధైర్యం లేని మాట.

రెండేళ్ల క్రితం ఈ ఫోను నా చేతిలో పెట్టి ఏం చెప్పావు? "అక్కా, నీ మాటకి నీ ఫోన్లోనే తాళం పడుతుంది, అవతలివాళ్ళ ఫోన్లోనే తెరుచుకుంటుంది, మధ్యలో మా కంపెనీ యజమాని చెవి పెట్టినా వినబడదు" అన్నావు. తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించే గది గురించి నేను ఎన్నిసార్లు చెప్పుంటాను? ఇది ఆ గదే అనుకున్నాను. దానికి దొంగ వాకిలి ఉందని నువ్వు చెప్పలేదు.

నేనేం చెప్పానో విను. మా లాండ్రీ వెనక గదిలో ఆవిరి బాయిలరు ఉంది. ఆస్పత్రుల దుప్పట్లన్నీ దాని ఆవిరితోనే ఉడుకుతాయి, దానితోనే ఇస్త్రీ అవుతాయి. లోపల ఒత్తిడి మితిమీరితే దానంతటదే తెరుచుకుని ఆవిరిని బయటికి వదిలే సేఫ్టీ వాల్వు ఒకటి దాని నెత్తిన ఉంటుంది. అది తెరుచుకున్నప్పుడల్లా రోలర్లు చల్లబడతాయి, పని ఆలస్యమవుతుంది. అందుకని మేనేజరు దాన్ని ఇనపతీగతో కట్టించేశాడు. నా ఇస్త్రీ రోలరుకీ ఆ బాయిలరుకీ మధ్య ఒక్క ఇటుక గోడ. నలభై మందిమి ఆ గోడకి వీపు పెట్టి నిలబడతాం.

ఇది నాకు చెప్పింది బాయిలరు నడిపే సోదరుడు. ఫోటో తీసి పంపాడు. "నీ దగ్గరే ఉంచక్కా, ఊపిరాడక చెబుతున్నాను" అన్నాడు. ఉంచాను. రెండు రోజులు ఉంచాను. మూడో రోజుకి ఎముకల్లో నిప్పు రాజుకున్నట్టయింది. గురువారం చెప్పేశాను. "మన వీపుల వెనక మరణాన్ని కట్టేసి ఉంచారు, లోపల అడుగుపెట్టేముందు ఆలోచించుకోండి" అన్నాను.

అతని పేరు చెప్పానా? చెప్పలేదు. ఎంత ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడానో నువ్వే చూడు, చివర చేసిన ప్రార్థన రాస్తున్నాను: "ప్రభువా, ఆ తీగని విప్పబోయి ఎడమచెయ్యి కాల్చుకుని కట్టు కట్టుకున్న నీ సేవకుణ్ణి కాపాడు. ఏడో నెల కడుపుతో ఉన్న అతని భార్యని కాపాడు. రోజూ రిజిస్టరులో 'వాల్వు బాగుంది' అని అతనిచేత బలవంతాన పెట్టిస్తున్న సంతకాన్ని అతని మీద మోపకు. అతని పేరు నీకే తెలుసు." చూశావా, పేరు దేవుడికే వదిలేశాను.

ఆ రోజు సగం మంది పనికి రాలేదు. శుక్రవారం కూడా రాలేదు. మేనేజరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

నువ్వున్నది ఆ కంపెనీలోనే కదా. నా మాట ఎవరు విన్నారు, ఎవరు తుడిచేశారు, కనుక్కుని రాయి.

ఆశీర్వాదం ఉంది. చిన్నదే.

అక్క


ఫిబ్రవరి 14

అక్కకి,

ఆ చిన్న ఆశీర్వాదాన్నే రెండు చేతులా అందుకుని, రెండడుగులు వెనక్కి జరిగి ఈ జవాబు రాస్తున్నాను.

దొంగ వాకిలి లేదు. ఆ మాట ఇప్పటికీ చెబుతాను. కానీ ఆ గదిలో నువ్వొక్కదానివే లేవు, నూట నలభై మంది ఉన్నారు. వాళ్ళ ఫోన్లలో నీ మాట తెరుచుకున్నాక, దాని పక్కన "ఫిర్యాదు" అని చిన్న మీట ఉంటుంది. ఎవరైనా దాన్ని నొక్కితే, నొక్కినవాళ్ళ ఫోనే నీ మాటని మాకు వినిపిస్తుంది. మేం గోడకి కన్నం వెయ్యలేదు. లోపలున్నవాళ్ళే కిటికీ తెరిచారు. ఫిర్యాదు సబబుగా ఉంటే ఆ సందేశాన్ని అందరి ఫోన్లలోంచీ తీసేసే అధికారం మా అంతస్తుకి ఉంది.

ఎవరు నొక్కారన్నది చెప్పను. ఎవరు తీసేశారన్నదీ చెప్పను. చేరిన రోజే ఆ మేరకు సంతకం పెట్టాను. మా గది నువ్వు చూడలేదు కదా: నాలుగో అంతస్తులో పన్నెండు బల్లలు, పన్నెండు జతల హెడ్‌ఫోన్లు, కిటికీలకి తెల్ల కాగితం అతికించి ఉంటుంది. లోపలికి వెళ్ళేముందు మా ఫోన్లు లాకర్లో పెట్టి టోకెన్ తీసుకోవాలి. ఒక్కో ఫిర్యాదుకి తొంభై సెకన్లు. తిట్లు, బెదిరింపులు, విడిపోయిన మొగుళ్ళు పంపే ఫోటోలు, నకిలీ డాక్టర్ల సలహాలు. సాయంత్రానికి చెవులు కడుక్కోవాలనిపిస్తుంది. లోపల విన్నది గడప దాటకూడదు. చిన్నప్పుడు అమ్మ మనిద్దరికీ పెట్టిన పేర్లు గుర్తున్నాయా? నువ్వు గంట, నేను తాళంకప్ప. ఇద్దరం అవే ఉద్యోగాలు వెతుక్కున్నాం.

ఇంకొకటి చెబితే కోప్పడతావు. అయినా చెబుతాను. మీ లాండ్రీ దుప్పట్లు అందక ఒక ఆస్పత్రిలో రెండు రోజులు ఆపరేషన్లు వాయిదా వేశారని పేపర్లో చూశాను. నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది. కానీ బాయిలర్ల ఇన్‌స్పెక్టరుకి చెబితే అతను వాల్వు చూసేవాడు. గుంపుకి చెబితే గుంపు ఇంట్లో కూర్చుంది. మాట్లాడే హక్కు నీకుంది, ఆ మాట వెళ్ళి ఎవరి మంచం మీద పడుతుందో చూసుకునే పని కూడా నీదే కదా.

చివరిగా ఒక మనవి. నీ ఉత్తరంలో రాసిన ఆ ప్రార్థనని, ఒక్కసారి మేనేజరు కుర్చీలో కూర్చున్నట్టు ఊహించుకుని చదువు. నిదానంగా చదువు. అంతకంటే నేను రాయకూడదు.

నీ తాళంకప్ప


ఫిబ్రవరి 20

తమ్ముడూ,

మేనేజరు కుర్చీలో కూర్చోమంటావా? ఇరవై ఏళ్లుగా నిలబడి మాట్లాడుతున్నదాన్ని, ఇప్పుడు వెళ్ళి ఆ మెత్తటి కుర్చీలో కూర్చుని, ఆయనకి కోపం రాకుండా ప్రార్థించడం నేర్చుకోవాలా? నాలుగో అంతస్తు ఎక్కాక నీకు కిందివాళ్ళు కనబడటం మానేసినట్టున్నారు. అవును మరి, కిటికీలకి కాగితం అంటించారన్నావు కదా.

నీ ఉత్తరంలో పనికొచ్చే ముక్క ఒక్కటే. నా గుంపులోనే ఒకడున్నాడు. పక్కన కూర్చుని ఒకే గిన్నెలో చెయ్యి ముంచి, ముద్దు పెట్టి ప్రభువుని అప్పగించినవాడి సంతతి. వాడి కోసం మూడు రోజులు వరసగా వాక్యం చెప్పాను. మొదటి రోజు ఆ ముద్దు గురించి. రెండో రోజు వాడు ఉరేసుకున్న తాడు గురించి. మూడో రోజు ఏమీ దాచకుండా, "నీ వేలు నాకు తెలుసు, అది ఏ మీట మీద పడిందో తెలుసు" అన్నాను. తెలియదనుకో. తెలిసినట్టు చెబితే వణికి బయటపడతాడని.

ఎవరూ వణకలేదు. అందుకని నేనే అందరి మీదా కన్నేశాను. టీ కొట్టు వదిన గురువారం నుంచీ నా కళ్ళలోకి చూడట్లేదు. మడతల బల్ల పెద్దాయన నన్ను చూడగానే చెవిలో దూది పెట్టుకుంటున్నాడు. ఇద్దరినీ గుంపులోంచి తీసేశాను. బాయిలరు సోదరుడు మాత్రం మూడు రోజులూ భోజనాల దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు. పాపం, నా బాధ చూడలేకపోతున్నాడు.

ఇక అసలు సంగతి. మేనేజరు పోలీసులకి ఫిర్యాదు పెట్టాడు, లేనిపోని పుకారు పుట్టించి జనాన్ని బెదరగొట్టానని. ఇద్దరు వచ్చి నా ఫోను ప్లాస్టిక్ సంచిలో వేసి సీలు వేసి తీసుకుపోయారు. మార్చి ఆరున విచారణ. ఫోను తెరిచే నంబరు అడిగారు, ఇవ్వలేదు. మేనేజరు చెవిన పడింది అక్కడో ముక్క ఇక్కడో ముక్క. పూర్తి వాక్యం వినలేదు. నన్ను ఆఫీసులోకి పిలిచి, "లోపలివాళ్ళెవరో నీకు కబురు మోశారు. ఎవరో చెప్పు, నీ సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. "నా సంగతి చూసుకునేవాడు వేరే ఉన్నాడు" అని వచ్చేశాను.

కానీ తమ్ముడూ, నాకు కుదురు లేదు. రోలరు దగ్గర నిలబడితే వీపు మండుతోంది, అది ఆవిరో నా రక్తమో తెలియట్లేదు. జనం నన్ను చూసి గొంతు తగ్గిస్తున్నారు. నాకు బడి లేదు. దుప్పట్ల మూలల మీద వార్డుల పేర్ల ముద్రలు ఉంటాయే, వాటిని చూసి అక్షరాలు నేర్చుకున్నాను, ఆ అక్షరాలతో గ్రంథం చదువుకున్నాను. నా దగ్గరున్న ఆస్తంతా ఒక్కటే: ఈవిడ అబద్ధం చెప్పదు అన్న పేరు. దాన్ని కూడా సంచిలో వేసి సీలు వేశారు. ఫోన్లో ఆ ఫోటో ఉంది. తీగ మెలికలతో సహా కనబడుతుంది. అది చూపిస్తే చాలు, నా పేరు నాకొస్తుంది. చూపించనా అని రోజుకి పదిసార్లు అనుకుంటున్నాను.

నువ్వు ఆ మీట నొక్కినవాడి పేరు రాయి. తుడిచినవాడి పేరు కూడా రాయి. ప్రవక్త మాటలు రాసిన చుట్టని ఒక రాజు చాకుతో కోసి, ముక్క ముక్కా కుంపట్లో వేశాడు. నా మాటని కోసినవాడు ఆ రాజే. వాడు నీ పక్క బల్ల దగ్గరే కూర్చుంటాడేమో. వాడితో టీ తాగకు.

అక్క


ఫిబ్రవరి 25

అక్కకి,

ఆ చాకు పట్టుకున్నది నేనే.

ముందే చెప్పాల్సింది. చెప్పలేదు, సంతకం ఒక సాకు, నీ నోటి భయం రెండోది. ఇప్పుడు దాచితే నువ్వు ఫోను తెరిచేస్తావు, అందుకని సంతకాన్ని కాసేపు పక్కన పెడుతున్నాను. చివరిదాకా చదువు.

ఆ గురువారం నాది పొద్దుటి షిఫ్టు. ఆరుంపావుకి ఒక ఫిర్యాదు వచ్చింది. హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే నీ గొంతు. బంధువుల గొంతు వినబడితే బల్ల దగ్గర్నుంచి లేచి ఇన్‌ఛార్జికి అప్పగించాలి, అదీ మా నియమం. ఆవిడ మీటింగులో ఉంది, రావడానికి నలభై నిమిషాలు. ఫిర్యాదులో ఒకే వాక్యం రాసుంది: "చివర్లో ప్రార్థన వినండి, దయచేసి త్వరగా." విన్నాను. తీసేశాను. మా దగ్గర తొలగింపు ఫారంలో కారణాల గళ్ళు ఉంటాయి. మొదటి గడి "అబద్ధం". దాని జోలికి నేను పోలేదు. నీ నోట అబద్ధం రాదని నాకంటే ఎవరికి తెలుసు? నేను టిక్కు పెట్టింది ఏడో గడికి: "ఒక మనిషి ఆచూకీ బయటపెట్టడం".

అక్కా, మీ లాండ్రీలో ఎడమచేతికి కట్టున్నవాళ్ళు ఎంతమంది? వాళ్ళలో భార్యకి ఏడో నెల నడుస్తున్నవాళ్ళు ఎంతమంది? బాయిలరు రిజిస్టరులో సంతకం పెట్టేవాళ్ళు ఎంతమంది? పేరు దేవుడికే వదిలేశానన్నావు. పేరు తప్ప మిగతాదంతా మేనేజరుకి ఇచ్చేశావు.

మేనేజరుకి అది చేరకపోవడానికి కారణం మా తాళం కాదు. మాటలు మాకు కనబడవు కానీ, ఎవరు ఎంతసేపు విన్నారన్న లెక్క కంపెనీకి పడుతుంది. (అది కూడా నీకు రెండేళ్ల క్రితమే చెప్పుండాల్సింది.) నీ వాక్యం పదకొండు నిమిషాలు. ఆ ప్రార్థన పదో నిమిషంలో ఉంది. నేను తీసేసేలోపు అక్కడిదాకా విన్నవాళ్ళు తొమ్మిదిమంది. నీ ప్రసంగాల పొడుగు గురించి ఇన్నాళ్లూ ఎగతాళి చేశాను, క్షమించు. ఆ పొడుగే అతన్ని కాపాడింది.

ఇప్పుడు నువ్వు నంబరు చెప్పి ఫోను తెరిస్తే ఏమవుతుందో చూడు. ఫోటో కనబడుతుంది, నువ్వు నిజం చెప్పావని తేలుతుంది. ఫోటో పక్కనే అతని నంబరు కూడా కనబడుతుంది. రిజిస్టరులో రోజూ "వాల్వు బాగుంది" అన్నది అతని చేతిరాత. వాల్వు కట్టిందెవరంటే మేనేజరు వేలు ఎవరివైపు తిరుగుతుంది? నీ పేరు నీకొస్తుంది. అతని పేరు పోలీసు కాగితాల్లోకి ఎక్కుతుంది.

నేను చేసింది నియమం తప్పడమే. అదే రోజు సాయంత్రం నా మీద నేనే ఫిర్యాదు రాసిచ్చాను. నన్ను బల్ల దగ్గర్నుంచి లేపారు. ప్రస్తుతం లాకర్ల దగ్గర నిలబడి అందరి ఫోన్లూ తీసుకుని టోకెన్లిస్తున్నాను. చెవులకి విశ్రాంతిగా ఉంది.

మీట నొక్కిందెవరో మాత్రం ఇప్పుడూ చెప్పను. ఆ మనిషి నమ్మకం నాది కాదు, పంచిపెట్టడానికి.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 28

తమ్ముడు అని రాయను.

కవరు చించాను, మొదటి వాక్యం చదివాను, మిగతా కాగితం నాలుగు ముక్కలు చేసి డబ్బాలో పడేశాను. నీ సంజాయిషీ నాకక్కర్లేదు. నిన్ను చంకనేసుకుని పెంచిన చేతులివి. నా గొంతు విని కూడా నీ వేలు వణకలేదా?

ఇన్నాళ్లూ ఆలోచించాను, ఇక ఆలోచన లేదు. ఆరో తారీకున అందరి ముందూ నంబరు చెబుతాను. ఫోను తెరుచుకుంటుంది, ఫోటో బయటికొస్తుంది. మూసిన గదుల్లో గుసగుసలాడినవన్నీ మేడల మీద చాటబడే రోజు అది. నా మాట నిజమని నీ కంపెనీ కూడా వింటుంది.

దీనికి జవాబు రాయకు. రాసినా తెరవను.


మార్చి 2 (కార్డు)

అక్కకి,

కవరైతే తెరవకుండా చింపుతావని కార్డు రాస్తున్నాను. దారిలో పోస్టు బంట్రోతు నుంచి మీ వీధి చివర దుకాణం దాకా దీన్ని అందరూ చదువుతారు, కాబట్టి ఏమీ రాయలేను. ఆ డబ్బా ఇంకా ఖాళీ చెయ్యకపోతే నాలుగు ముక్కలూ తీసి కలిపి చదువు. ఆరో తారీకు కంటే ముందు చదువు. చదివాక నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి, నన్ను తిట్టు, అడ్డం రాను. చుట్టని కోసి కుంపట్లో వేసిన రాజుని నువ్వు ఇరవై ఏళ్లుగా తిడుతున్నావు. వాడు కూడా చివరిదాకా చదివించుకోలేదు.

తాళంకప్ప


మార్చి 9

నా తమ్ముడికి,

ఈసారి ఆశీర్వాదంతోనే మొదలుపెడుతున్నాను. ఎంత కావాలంటే అంత తీసుకో.

కార్డు నాలుగో తారీకు మధ్యాహ్నం వచ్చింది. దుకాణం ఆయన నవ్వుతూ చేతికిచ్చి, "ఎవరో రాజుగారి సంగతి రాశారమ్మా మీవాళ్ళు" అన్నాడు. కార్డు చివరి వాక్యం చదివి అక్కడే గడప మీద కూలబడ్డాను. డబ్బా బోర్లించాను. లాండ్రీ గంజి కాస్త తెచ్చి, పాత వార్డు చీటీ వెనక నీ ముక్కలు అంటించాను. ఒక మూల టీ మరక పడింది, "ఏడో గడి" అన్నచోట. అయినా చదవగలిగాను. చదివాక, మేనేజరు కుర్చీలో కూర్చుని ఆ ప్రార్థనని మనసులో మళ్ళీ విన్నాను, నువ్వు చెప్పినట్టే. రెండో వాక్యానికే అతను నాకు కనబడ్డాడు. చెయ్యి, కట్టు, మనిషి, అన్నీ.

అప్పటిదాకా నేను ప్రార్థన అనుకున్నది, అక్షరాలా, మనిషిని పట్టించే ప్రకటన. ఇన్నేళ్లలో ఎంతమంది గుట్టు ఇలా దేవుడికి చెబుతున్నాననుకుని వీధికి చెప్పానో.

మర్నాడు నేను అతని ఇంటికి వెళ్దామని చెప్పులేసుకుంటుంటే, అతనే వచ్చాడు. చేతి కట్టు తీసేశాడు, చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది. లోపలికి రమ్మంటే రాలేదు.

"కూర్చోనక్కా. ఒక మాట చెప్పి పోతాను. ఆ మీట నొక్కింది నేనే."

నాకు నోట మాట రాలేదు. ఇది రాసి పెట్టుకో, ఇలా జరగడం అరుదు.

"నాతో చెప్పొచ్చు కదరా," అన్నాను చివరికి.

"ఎలా చెప్పనక్కా? నీకు చెబితేనే కదా నూట నలభై మందికి తెలిసింది."

"మరి మూడు రోజులు ముద్దనీ తాడనీ నేను నిన్ను..."

"తిట్టావు. బాగా తిట్టావు. మూడో రోజైతే మా ఆవిడ కూడా, వాడెవడో కానీ పాపిష్టివాడు అంది." కాస్త నవ్వాడు. తరవాత గోడవైపు చూసి, "రేపు నువ్వు ఫోను తెరుస్తావని అందరూ అంటున్నారు. తెరవాలంటే తెరువక్కా. నీ పేరు పోవడం నాకూ ఇష్టం లేదు. ముందే తెలిస్తే మా ఆవిణ్ణి పుట్టింట్లో దింపి వస్తాను, అందుకే వచ్చాను" అన్నాడు.

"దింపనక్కర్లేదు," అన్నాను.

విచారణ సంగతి. పొడుగాటి బల్ల, మధ్యలో నా ఫోను సంచిలో, ఒక పక్క మేనేజరు, చుట్టూ మా వాళ్ళు ముప్పై మంది. విచారణాధికారి మర్యాదస్తుడే. "నంబరు చెప్పండమ్మా. ఆధారం ఉంటే లాభపడేది మీరే కదా" అన్నాడు.

"నంబరు చెప్పనండి."

"పోనీ, ఆధారం ఉందా, లేదా? ఒక్క మాట."

ఉందంటే ఫోను వదలరు. లేదంటే అది అబద్ధం, నా నోటితో చెప్పలేను. ఊరుకున్నాను. వెనకనుంచి ఎవరో, "గంటక్క మాట్లాడట్లేదంటే లేనట్టే" అన్నారు. వెనక్కి తిరిగి వాడి ముఖం చూడాలని మెడ ఎంత లాగిందో నీకు చెప్పలేను. చూడలేదు. ఆ వెనక వరసలోనే బాయిలరు సోదరుడు కూడా ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరు వెళ్ళి బాయిలరు చూసొచ్చాడు. వాల్వు స్వేచ్ఛగా కదులుతోందట, కొత్తగా నూనె కూడా పెట్టారట. తీగ లేదు. విచారణ నోటీసు వచ్చిన వారంలోనే మేనేజరు దగ్గరుండి విప్పించాడని బాయిలరు సోదరుడు నాకు ముందే చెప్పాడు. కాబట్టి తీర్పు: ఆధారంలేని మాట, జనాన్ని బెదరగొట్టిన మాట. ఆరు నెలలు గుంపులు నడపకూడదు. లాండ్రీలో నన్ను రోలరు దగ్గర్నుంచి తీసి మైల దుప్పట్లు విడదీసే గదిలో వేశారు. నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు, నా గురించే. అక్షరాలు నేర్చుకున్నందుకు మొదటిసారి బాధపడ్డాను.

చేప కడుపులోంచి బయటపడిన ప్రవక్త కథ నేను ఎన్నిసార్లు చెప్పానో నీకు గుర్తుందా? నలభై రోజుల్లో ఈ పట్టణం నాశనమవుతుందని చాటాడు. పట్టణం భయపడి దారికొచ్చింది, నాశనం కాలేదు. ఆయనేమో ఊరిబయట సొరపాదు నీడలో కూర్చుని అలిగాడు, తన మాట అబద్ధమైపోయిందని. అలకని అభినయించి జనాన్ని పొట్టలు పట్టుకునేలా నవ్వించేదాన్ని. ఈ మూడు రోజులూ నేను అక్కడే కూర్చున్నాను తమ్ముడూ, ఆయన పక్కనే. చాలా ఎండగా ఉంటుంది.

టీ కొట్టు వదిననీ పెద్దాయననీ వెళ్ళి క్షమించమన్నాను. వదిన అసలు సంగతి చెప్పింది. ఆవిడ నా వాక్యం వినకుండానే రోజూ చేతులు జోడించిన బొమ్మ పంపుతుందట. గురువారం అందరూ బాయిలరు బాయిలరు అంటుంటే ఏమిటో తెలియక, సిగ్గుతో నా ముఖం చూడలేకపోయిందట. పెద్దాయనకి నిజంగానే చెవిపోటు. ఆ తొమ్మిదిమందిలో వీళ్ళిద్దరూ లేరన్నమాట. నీ లెక్క ప్రకారం నూట ముప్పై ఒక్కమందికి నేను సంజాయిషీ ఇవ్వక్కర్లేదు, వాళ్ళే నాకివ్వాలి.

నిన్న పదకొండింటికి మైల గదిలో ఉన్నాను. ఉన్నట్టుండి గోడ అవతల పెద్ద ఈల. వాల్వు తెరుచుకుంది. ఆవిరి పైకప్పు మీంచి తెల్లగా లేచింది, ఆరు నెలల్లో మొదటిసారి. రోలర్ల దగ్గర అందరూ చేతిలో దుప్పటి చేతిలోనే పట్టుకుని ఆగిపోయారు. ఆఫీసులోంచి మేనేజరు, ఆవిరంతా పోతోందని కేకలు. బాయిలరు సోదరుడు చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. నావైపు చూశాడు. చూపు తిప్పేసుకున్నాడు. నేనూ దుప్పట్లు విడదీస్తూ ఉండిపోయాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. నా వైపు సాక్షి ఆ ఈల ఒక్కటే, దాని మాట కూడా ఒక నిమిషంలో గాలిలో కలిసిపోయింది.

ఫోను తిరిగిచ్చారు. ఫోటో నేనే చెరిపేశాను, నువ్వు నేర్పినట్టు మెసేజీల్లోనూ ఆల్బంలోనూ, రెండు చోట్లా. అంటించిన నీ ఉత్తరం మాత్రం గ్రంథంలో, ఆ రాజు చుట్టని కోసిన పేజీలో దాచాను. నీ బల్ల నీకు తిరిగి వస్తుందో రాదో రాయి. రాకపోతే లాకర్ల దగ్గరే బావుంటావనిపిస్తోంది. అందరి రహస్యాలూ చేతికొస్తాయి, ఒక్కటీ తెరవవు.

పొద్దున్న ఆరింటికి ఇప్పుడు గుంపు లేదు. మంచం అంచున కూర్చుని నేనొక్కదాన్నే చేస్తున్నాను, అర నిమిషంలో అయిపోతోంది. "ప్రభువా, ఒకరి కోసం" అంటాను. అక్కడితో ఆపుతాను. నువ్వు కూడా చెయ్యి.

ఎవరని అడిగితే చెప్పను.

అక్క